ఏడాదికి వేలి మందం

పిండిమర ఆపేసి చాలాసేపయింది. అయినా గాలిలో పిండి ఇంకా తేలుతూనే ఉంది. పైకప్పు రేకుకు ఉన్న చిల్లులోంచి దిగిన ఎండ, ఆ పిండిలో తెల్లటి కర్ర నిలబెట్టినట్టు కనబడుతోంది. కర్ర కింది కొస నేలమీద అరచేయంత వెలుగై, మధ్య స్తంభం వైపు మెల్లగా జరుగుతోంది.

అన్న గోధుమ సంచి మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. తమ్ముడు మోటారు దగ్గర నిలబడి చూడనట్టు చూస్తున్నాడు. గుమ్మం బయట తాపీమేస్త్రి నూలుతాడు విప్పుతున్నాడు, చుడుతున్నాడు, మళ్ళీ విప్పుతున్నాడు.

మేస్త్రిని పిలిపించింది అన్న. ఈ రోజు వెలుగు నేలలోని ఇనపపట్టీని తాకితే సరే. తాకకపోతే మర మధ్యలో గోడ లేస్తుంది. ఇటు పక్క పిండి విసిరే రాళ్ళు అన్నవి, అటు పక్క మోటారు తమ్ముడిది. రాళ్ళు లేని మోటారు దేనికి, మోటారు లేని రాళ్ళు దేనికి అని పొద్దున అన్నను భార్య అడిగితే, "దేనికీ పనికిరాకపోయినా పర్లేదు, మోసం మాత్రం ఉండదు" అని చెప్పి వచ్చాడు.

తండ్రి పోయినప్పుడు మరను పంచుకోవడం కుదరక ఇద్దరూ వంతులు పెట్టుకున్నారు. ఒక ఏడాది తమ్ముడు నడపాలి, ఒక ఏడాది అన్న నడపాలి. ఏడాదంటే ఎంతని అప్పుడు ఎవరూ అడగలేదు. ఏడాదంటే ఏడాదే కదా అనుకున్నారు.

మొదటి వంతు ముగిసేటప్పుడే తెలిసొచ్చింది. అన్న ఇంట్లో లెక్క చంద్రుడిది. పన్నెండు అమావాస్యలు వెళ్ళాయి, తాళంచెవి ఇమ్మని వచ్చాడు. తమ్ముడి ఇంట్లో లెక్క గోడకు వేలాడే కాగితానిది. ఇంకా పదకొండు రోజులుందన్నాడు.

"పన్నెండు నెలలు అయ్యాయా లేదా?"

"నీ చంద్రుడి నెలలు అయ్యాయన్నా. ఏడాది ఇంకా కాలేదు."

"నెలలు అయ్యాక ఏడాది ఎక్కడికి పోతుందిరా?"

"మరి మూడేళ్ళకోసారి మీ చంద్రుడు ఓ నెల అదనంగా కలుపుకుంటాడుగా. అది నీ వంతులో పడితే నన్ను పదమూడు నెలలు ఆగమంటావా?"

ఆ మాటకు అన్నకు కోపం ఎక్కువైంది. వారం రోజులు ఇద్దరూ గుమ్మంలో చెరో తాళం వేశారు. పిండి కావలసినవాళ్ళు పక్క ఊరి మరకు పోయారు.

అప్పుడు అక్క వచ్చింది. ముగ్గురిలో పెద్దది ఆమే. పక్క వీధిలో బట్టలు కుడుతుంది. మెడలో కొలతల టేపు వేసుకునే వచ్చింది.

"పెద్దోడా, నీ చంద్రుణ్ణి ఇంట్లో పెట్టుకో. చిన్నోడా, నీ కాగితాన్ని గోడకే ఉండనీ. నాన్న అన్నం వేళ దేన్ని చూసి తెలుసుకునేవాడు?"

ఇద్దరూ పైకి చూశారు. రేకుకు ఆ చిల్లు వాళ్ళు పుట్టకముందు నుంచీ ఉంది. వెలుగు మధ్య స్తంభానికి ఎదురుగా వచ్చిందంటే తండ్రి మోటారు ఆపి అన్నానికి లేచేవాడు.

చలికాలం ముదిరినప్పుడు మధ్యాహ్నపు వెలుగు వెనక గోడ దగ్గర పడుతుంది. ఎండలు పెరిగేకొద్దీ గుమ్మం వైపు జరుగుతూ వస్తుంది. నడుమ నేలలో, ఎప్పుడో బండి చక్రాల కోసం పాతిన ఇనపపట్టీ ఒకటుంది. వస్తూ ఒకసారి, వానలు వెళ్ళాక వెనక్కి పోతూ ఒకసారి వెలుగు దాన్ని దాటుతుంది. వచ్చేటప్పుడు, స్తంభానికి ఎదురుగా ఉండగా పట్టీని తాకిన రోజున తాళంచెవి చేతులు మారాలని అక్క తేల్చింది.

"వెనక గోడ దగ్గరే పెట్టుకుంటే పోలా?" అన్నాడు అన్న అప్పట్లో. చెల్లెలైతే తిట్టేవాడే గాని అక్క కాబట్టి అడిగాడు.

"గోడ దగ్గర అది అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా రోజుల తరబడి కదలదు. కదలని చోట మీ ఇద్దరికీ పోట్లాట కావలసినంత. పట్టీ దగ్గరయితే రోజుకు నాలుగు వేళ్ళు నడుస్తుంది. తాకిందా, తాకలేదా, అంతే."

"తాకాల్సింది ఏ అంచు? చుట్టూ మసగ్గా ఉందిగా" అన్నాడు తమ్ముడు.

"గుమ్మం వైపు అంచు. మసక పోను. ఇంకేమైనా ఉందా, సూది తెచ్చి గుచ్చమంటావా?"

అలా సూర్యుడు వాళ్ళ మధ్య పెద్దమనిషి అయ్యాడు. ఇది జరిగి ఎనిమిదేళ్ళు కావస్తోంది.

అన్న మాట్లాడేది తక్కువ. చూసేది ఎక్కువ. అక్క తీర్పు ప్రకారం మొదటిసారి తాళంచెవి అందుకుంటూనే, వెలుగు పట్టీని దాటి ఎంత ముందుకొచ్చిందో వేళ్ళు ఆనించి చూసుకున్నాడు. మూడు వేళ్ళు. మరుసటి ఏడాది తమ్ముడికి ఇచ్చేటప్పుడు రెండు. ఆ తర్వాత ఒకటి. ఆ తర్వాత వెలుగు పట్టీని ముట్టీ ముట్టకుండా ఆగింది. ఏడాదికి ఒక వేలి మందం ఎక్కడికో పోతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే దొంగ జాగ్రత్తపడతాడు.

వారాలు కూడా చూసేవాడు. తాళంచెవి ఈ ఏడాది ఆదివారం చేతులు మారితే వచ్చే ఏడాది సోమవారం మారుతుంది, ఆపై ఏడాది మంగళవారం. వారంలో ఒక్కో రోజు చొప్పున ముందుకు జరుగుతుంది. అది బండెద్దుల నడకలా తప్పనిది. కానీ నాలుగేళ్ళ కిందట తప్పింది. శుక్రవారం ఇచ్చిన తాళంచెవి శనివారం తిరిగి రావాలి. శనివారం నాడు వెలుగు వేలి మందం తక్కువగా ఆగిపోయింది. ఆదివారం తీసుకోవలసి వచ్చింది. ఆ అదనపు రోజు తమ్ముడి వంతులో పడింది. కొత్త గింజలు ఇళ్ళకు చేరే రోజులు అవి. మర ముందు సంచుల వరస వీధి మలుపు దాకా ఉంది.

పోనీలే అనుకున్నాడు. అనుకున్నాడే గాని పోనివ్వలేదు.

కిందటేడాది బుధవారం నాడు ఇచ్చాడు. ఈ రోజు గురువారం. ఈ వారమంతా రోజూ వచ్చి చూస్తున్నాడు. నిన్న వెలుగు అయిదు వేళ్ళ దూరంలో ఆగింది. రోజుకు నాలుగు నడిస్తే ఇవాళ ఒకటి మిగులుతుంది. మళ్ళీ వేలి మందమే. మళ్ళీ తమ్ముడి వంతే.

మొన్న తమ్ముడు అన్నానికి వెళ్ళినప్పుడు అన్న గునపం పెట్టి పట్టీని కదిపి చూశాడు. కదల్లేదు. పక్కన సున్నపు నేల పగల్లేదు, కొత్తగా మెత్తిన గుర్తూ లేదు. అయితే కింద కాదు, పైన అనుకున్నాడు. నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కాడు. చిల్లు పక్కనే తారు. నల్లగా, మెరుస్తూ, వేలితో నొక్కితే ఇంకా మెత్తగా ఉంది.

నిచ్చెన దిగి నేరుగా మేస్త్రి ఇంటికి వెళ్ళాడు.

ఇప్పుడు వెలుగు స్తంభానికి ఎదురుగా వచ్చింది. అన్న లేచి, మోకాళ్ళ మీద కూర్చుని, పట్టీకి వెలుగుకు మధ్య చూపుడువేలు పడుకోబెట్టాడు. వేలు సరిగ్గా సరిపోయింది.

"తాకలేదన్నా" అన్నాడు తమ్ముడు.

"తాకదు. నాకు తెలుసు."

"మరింకేం, రేపు వస్తుంది. రేపు తీసుకుందువుగాని. నా కాగితంలో కూడా రేపటి తారీఖే ఉంది."

"అదేరా నేననేది. ఈ మధ్య సూర్యుడు నీ కాగితం మాట వింటున్నాడు."

తమ్ముడు నవ్వబోయి అన్న మొహం చూసి మానుకున్నాడు. గుమ్మంలో మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"ఆయనెందుకొచ్చాడు?"

"గోడ కట్టడానికి."

"ఎక్కడ?"

"నువ్వు నిలబడ్డ చోటుకీ నేను కూర్చున్న చోటుకీ మధ్య."

తమ్ముడు మోటారు మీద చెయ్యి వేశాడు. పట్టుకోకపోతే అది ఇప్పుడే వెళ్ళిపోతుందన్నట్టు. "ఒక రోజు కోసమా?" అన్నాడు.

"ఒక రోజు కాదు. నాలుగేళ్ళ కిందట ఒకటి, ఇవాళ ఒకటి. రెండూ నీ వంతులోనే. నా వంతులో ఒక్కసారి కూడా రాలేదేం? ఆ రోజుకు నా ఇంటి దారి తెలీదా?"

"నన్నడిగితే నేనేం చెప్పను!"

"పైన తారు ఎందుకు పూశావో చెప్పు."

తమ్ముడు ముందు పైకప్పు వైపు చూశాడు. ఆ చూపే అన్నకు కావలసింది.

"చిల్లు పక్కన మేకు ఊడింది. వానకు సంచులు తడుస్తున్నాయి. మేకు బెజ్జానికి పూశాను. చిల్లును ముట్టుకోలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మేకు ఊడితే కూడా నీకు చెప్పాలా?"

"దాని పక్కన మేకైతే చెప్పాలి."

అన్నం గిన్నె పట్టుకుని అక్క వచ్చింది. తాళంచెవి మారే రోజున ఆమె ఉండడం అలవాటు. మేస్త్రిని చూసింది, తాడు చూసింది, ఇద్దరి మొహాలూ చూసింది. గిన్నె సంచి మీద పెట్టింది.

"ఎవరు చచ్చారు?"

"ఎవరూ చావలేదు. మర చావబోతోంది" అన్నాడు తమ్ముడు. "కప్పెక్కి సూర్యుణ్ణి పక్కకు నెట్టానట. నాకు అంత బలముంటే ఈ సంచులెందుకు మోస్తాను?"

"వెటకారం ఆపు" అంది అక్క. "పెద్దోడా, నువ్వు చెప్పు. ఏం చూశావు?"

అన్న చెప్పాడు. అతడు అన్ని మాటలు ఒకేసారి మాట్లాడగా అక్క చూడడం అదే మొదలు. మూడు వేళ్ళు, రెండు వేళ్ళు, ఒకటి, ముట్టీ ముట్టకుండా. తర్వాత ఒక రోజు దొంగతనం. మళ్ళీ మూడు, రెండు, ఒకటి, ముట్టీ ముట్టకుండా. ఇవాళ మళ్ళీ దొంగతనం. చెబుతూ వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు. పట్టీకి గునపం వేసిందీ, కప్పెక్కిందీ కూడా దాచలేదు.

"చూశావా, ఏడాదికో వేలు చొప్పున కప్పు మీద చిల్లును జరుపుతున్నాడు. ఒక్కసారే జరిపితే తెలిసిపోతుందని."

"నీ వంతులో ఎన్ని పోయాయి?"

"ఏంటి?"

"వేళ్ళు. నీ ఏడాదిలో తాళంచెవి నీ మొలకే కదా ఉండేది. నిచ్చెన లోపల ఉంటుంది. నీ ఏడాదిలో ఏమీ పోలేదా?"

అన్న మడిచిన వేళ్ళు మళ్ళీ తెరిచాడు. అక్క తీర్పు తర్వాత మొదటి ఏడాది అతడిదే. మూడు వేళ్ళు రెండైంది ఆ ఏడాదిలోనే. మూడో ఏడాదీ అతడిదే. అప్పుడూ ఒక వేలు పోయింది. తన తాళం కింద, తన కళ్ళ ముందు పోయింది.

మేస్త్రి గుమ్మంలోంచి "పెద్దయ్యా, తాడు ఎక్కడ కొట్టమంటారు?" అన్నాడు.

అన్న మళ్ళీ నేలమీదికి వంగాడు. స్తంభం దాటి పోతున్న వెలుగు పక్కన నాలుగు వేళ్ళు ఆనించాడు. రోజుకు నాలుగు. ఏడాదికి ఒకటి తక్కువ. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగేళ్ళకు నాలుగు వేళ్ళు. నాలుగు వేళ్ళంటే ఒక రోజు.

చేతి పైభాగాన వెలుగు పడి వెంట్రుకలు తెల్లగా కనబడ్డాయి.

"ఏడాదికి రోజులు సరిపోవడం లేదు" అన్నాడు చివరికి, తనలో తాను అనుకున్నట్టు. "సూర్యుడు తిరిగి ఇక్కడికి రావడానికి మన రోజుల మీద ఇంకో పావు రోజు కావాలి. ఆ పావు పావు చేరి నాలుగేళ్ళకు ఒక రోజవుతోంది."

"అదే" అన్నాడు తమ్ముడు. "కాగితం వేసేవాళ్ళు కూడా అందుకే నాలుగేళ్ళకోసారి ఫిబ్రవరిలో ఒక రోజు ఎక్కువ వేస్తారు."

మాట జారాక తమ్ముడికి తెలిసింది. అన్న తల మెల్లగా పైకి లేచింది.

"నీకు తెలుసా?"

తమ్ముడు మోటారు బెల్టు సర్దాడు. అది సరిగానే ఉంది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"అందరికీ తెలిసిందేగా."

"నాలుగేళ్ళకోసారి ఒక రోజు పెరుగుతుందని అందరికీ తెలుసు. అది ప్రతిసారీ నీ వంతులోనే పడుతుందని ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయినసారి పడినప్పుడు ఆలోచించాను" అన్నాడు తమ్ముడు నేల చూస్తూ. "మనది రెండేళ్ళకోసారి తిరిగే వంతు. అది నాలుగేళ్ళకోసారి వచ్చే రోజు. ఒకసారి నా దగ్గర పడితే ఇక ఎప్పుడూ నా దగ్గరే పడుతుంది. నేనేం చెయ్యను? నేను పెట్టానా?"

"నువ్వు పెట్టలేదు. నోరు మూసుకుని కూర్చున్నావు."

"నువ్వడిగావా? నువ్వూ ఎనిమిదేళ్ళు వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావుగా, నాతో ఒక్క ముక్క అన్నావా? గునపం వేసి పట్టీని కదిపి చూశావు, కప్పెక్కి చూశావు. మనిషిని అడిగి చూడ్డానికి మాత్రం ప్రాణం రాలేదు."

"అడిగితే చెప్పేవాడివా?"

చెప్పేవాణ్ణని తమ్ముడికే నమ్మకం లేదు.

అక్క మెడలోని టేపు తీసి చుట్టి బొడ్లో దోపుకుంది. తను పెట్టిన పెద్దమనిషి ఇలా చేస్తాడని ఆమె కూడా అనుకోలేదు.

"సరే అన్నా" అన్నాడు తమ్ముడు ఉన్నట్టుండి. "వరస తిప్పేద్దాం. అప్పుడు ఆ రోజు ఎప్పుడూ నీ వంతులోనే పడుతుంది. నాకేం అక్కర్లేదు, నువ్వే తీసుకో. సరేనా?"

"తిప్పడమంటే?"

"ఏముంది, ఈ వచ్చే ఏడాది కూడా నేనే నడుపుతాను. ఆపై ఏడాది నువ్వు. అంతే, వరస మారిపోతుంది."

అన్న తల ఊపబోయాడు. సగం ఊపాడు కూడా. అంతలో మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. అది నవ్వో దగ్గో తెలియలేదు.

"ఒక రోజు కోసం నీకు ఏడాది ఇవ్వాలా?" అన్నాడు అన్న.

"అదేగా మరి, వరస తిప్పాలంటే..."

"ఓరి నీ తెలివి మండ! అక్కా, చూశావా వీణ్ణి? పట్టుబడ్డాక కూడా ఏడాది కొట్టేద్దామని చూస్తున్నాడు!"

"సరే, నువ్వే వరసగా రెండేళ్ళు నడుపు, నాకేం!" అన్నాడు తమ్ముడు. అనేసి వెంటనే భయపడ్డాడు. "కాదు కాదు. అది మా ఇంట్లో ఒప్పుకోరు."

అక్క నవ్వు ఆపుకోలేక సంచుల మీద చతికిలబడింది. తమ్ముడూ నవ్వాడు. అన్న నవ్వలేదు గాని, నవ్వకుండా ఉండడానికి అతడు పెదవి కొరుక్కోవడం అక్క చూసింది.

"పెద్దయ్యా, ఎండ పోతోంది" అన్నాడు మేస్త్రి. "గోడ ఉందా లేదా? లేకపోతే నాకు ఇంకోచోట అరుగు పని ఉంది."

అన్న మరను ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఇటు రాళ్ళు. అటు మోటారు. నడుమ బెల్టు. గోడ కడితే బెల్టును కొయ్యాలి. ఆ సంగతి పొద్దున్నే తెలుసు. అయినా అప్పుడు పట్టలేదు.

తమ్ముడు మోసం చేసినవాడైతే అన్న బెల్టు కోసేవాడే. వీడు మోసం చెయ్యలేదు. మంచివాడూ కాదు. చేతికి దొరికినదాన్ని చెప్పకుండా జేబులో వేసుకునే రకం. అలాంటివాడితో మధ్యలో గోడ లేకుండా బతకొచ్చా అన్నది అన్న ముందున్న ప్రశ్న. దానికి సూర్యుడు జవాబు చెప్పడు.

"అరుగు పనికి వెళ్ళు మేస్త్రీ" అన్నాడు.

మేస్త్రి తాడు చుట్టుకుని, మాట మారేలోపు పోదామన్నట్టు గబగబా నడిచి వెళ్ళాడు.

"ఆ రోజు ఎవరిదీ కాదు" అన్నాడు అన్న తమ్ముడితో. "నీ ఏడాది నిన్నటితో అయింది. నా ఏడాది రేపటి నుంచి. ఇవాళ్టిది మధ్యలో పడింది. సగం నీది, సగం నాది. వెలుగు స్తంభం దాటేదాకా నువ్వు నడుపుకున్నావు. దాటింది. ఇక తాళంచెవి ఇటియ్యి."

"పొద్దున్నంతా మర ఆపించి కూర్చోబెట్టావుగా! నేను నడిపిందెక్కడ?"

"ఆపింది నువ్వు. నేను కూర్చున్నాను, అంతే."

"వెలుగు తాకకుండా తాళంచెవి ఇవ్వకూడదని అక్క అన్నమాట."

ఇద్దరూ అక్క వైపు చూశారు. ఆమె గిన్నె మూత తీసి అన్నం కలుపుతోంది.

"నా వైపు చూడకండి. ఒకసారి తీర్పు చెప్పినందుకే ఎనిమిదేళ్ళు మీరిద్దరూ నేలమీద పాకారు. మీరే తేల్చుకోండి."

తమ్ముడు మొలకున్న తాళంచెవి తీశాడు. అన్న చేతిలో పెట్టేముందు కాసేపు తన చేతిలోనే ఉంచుకున్నాడు.

"మళ్ళీ నాలుగేళ్ళకు?"

"మళ్ళీ సగం సగం. అప్పుడు పొద్దుటి పూట నాది."

"ఎందుకు? పొద్దున జనం ఎక్కువనా?"

"అవును."

"అయితే ఇవాళ కూడా పొద్దున..."

"ఇవాళ పొద్దున అయిపోయింది" అని అన్న తాళంచెవి లాక్కున్నాడు.

వీధిలో అప్పటికే ఇద్దరు ముగ్గురు సంచులు దింపి తొంగి చూస్తున్నారు. అన్న పెట్టుకునే కూలీలు రేపు వద్దామనుకుని ఇళ్ళలో ఉన్నారు. రాళ్ళ పైన తొట్టిలోకి గింజలు పొయ్యాలంటే ఒకరు సంచి పట్టుకోవాలి, ఒకరు రాళ్ళ మధ్య ఎడం చూడాలి. అన్న ఒక్కడే అటూ ఇటూ తిరిగి చూశాడు. తమ్ముడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. ఆ చెప్పులు వేసుకోవడం ఎంతకీ పూర్తి కావడం లేదు.

"ఒరే, సంచి పట్టు."

"కూలికా, తమ్ముడిగానా?"

"నోరు మూసుకుని పట్టు."

తమ్ముడు చెప్పులు వదిలేసి వచ్చాడు. అన్న మోటారు మీట నొక్కాడు. బెల్టు ఒకసారి జారి, పట్టు దొరికి, తిరిగింది. రాళ్ళ మోత మొదలైంది. ఇక మాట్లాడినా వినపడదు. అక్క అన్నం ముద్ద చేసి ఇద్దరి వైపూ చూపించింది. ఇద్దరూ తర్వాత అన్నట్టు తల ఊపారు.

సంచిలోంచి గింజలు తొట్టిలోకి జారుతున్నాయి. అన్న ఒక చేత్తో రాళ్ళ కింద పిండిని నలిపి చూస్తున్నాడు. కళ్ళు మాత్రం తమ్ముడి చేతుల మీదే ఉన్నాయి, గింజ ఒక్కటైనా పక్కకు పోతుందేమోనని.